ఫాస్ట్ బౌలర్‌కు కెప్టెన్సీ ఇవ్వొచ్చా?

సుబేదారి లెఫ్టీ: అన్నలూ, హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆడే మా టెన్నిస్ బాల్ టీంకు కొత్త కెప్టెన్ కావాలి. అందరూ మా ఫాస్ట్ బౌలర్ పేరే చెప్తున్నారు. మంచోడే, కానీ సిక్స్ పడితే చాలు, ఫీల్డర్లు ఎక్కడున్నారో కూడా చూడడు. ఇవ్వొచ్చంటారా?

కాజీపేట కీపర్: బేఫికర్‌గా ఇవ్వు తమ్మీ. 1983లో మన కపిల్, 1992లో పాకిస్తాన్ ఇమ్రాన్, 2023లో ఆస్ట్రేలియా కమిన్స్, ముగ్గురూ పేసర్లే, ముగ్గురూ కెప్టెన్లుగా వరల్డ్ కప్పు ఎత్తారు. అహ్మదాబాద్ ఫైనల్‌లో కమిన్స్ టాస్ గెలిచి బౌలింగ్ తీసుకుంటే మా గల్లీ అంతా నవ్వింది. తర్వాత కోహ్లీని బౌల్డ్ చేసింది ఎవరు మరి?

హంటర్ రోడ్ అంకుల్: కప్పులు సరే, ఒంటి సంగతి? 2024లో ఆస్ట్రేలియాతో పెర్త్ టెస్టులో మన పేసర్ బుమ్రా కెప్టెన్‌గా 295 పరుగులతో గెలిపించాడు. 2025 జనవరిలో సిడ్నీ టెస్టులో నడుము పట్టేసి మధ్యలోనే బయటికెళ్లాడు, రెండో ఇన్నింగ్స్‌లో బంతే వేయలేదు. మైదానంలో కోహ్లీ చూసుకున్నాడు. గట్టి వైస్ కెప్టెన్ లేకుండా మాత్రం ఇవ్వొద్దు.

సుబేదారి లెఫ్టీ: వైస్ కెప్టెన్ అంటే మా కీపరే. వాళ్లిద్దరికీ మాటల్లేవు, అదో టెన్షన్!

కాజీపేట కీపర్: అయితే ముందు వాళ్లిద్దరికీ చాయ్ తాగించు.