కాలిన సరుగుడు తోపులో నడవాలంటే ఎప్పుడు వెళ్లడం క్షేమం?

మాది కోనసీమ తీరం. మా ఊరికీ సముద్రానికీ నడుమ ఉన్న సరుగుడు తోపు, దాన్ని ఆనుకుని ఉన్న తాటివనం ఈ వేసవిలో తగలబడ్డాయి. ఉప్పుగాలి మా కొబ్బరితోటల మీద నేరుగా పడకుండా ఇన్నాళ్లూ కాసింది ఆ తోపే. లోపలికి నడిచి వెళ్లి ఏ చెట్లు బతికాయో, ఏవి పోయాయో చూసి రాసుకోవాలని ఉంది. అటవీ సిబ్బంది అనుమతి తీసుకునే వెళ్తాను.

నా భయమంతా నేల గురించే. సరుగుడు ఆకు ఇసుక మీద పరుపులా పేరుకుని ఉంటుంది. పైన బూడిద చల్లారినా అడుగున నిప్పు ఉండవచ్చు, వేళ్లు కాలిపోయిన చోట నేల డొల్లగా మారవచ్చు. అలాంటి చోటును కాలు పెట్టకముందే ఎలా గుర్తించాలి? కర్రతో పొడిచి చూస్తే చాలా, లేక ఒక మంచి వాన పడేదాకా ఆగాలా? మొదలు కాలిన చెట్లు గాలికి కూలతాయి కదా, మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందే బయటికి వచ్చేయాలనుకుంటున్నాను.

ఇంకొకటి. తాటిచెట్టు ప్రాణం తలలోని మొవ్వులో ఉంటుంది, బోదె నల్లబడినా అది తేరుకుంటుందని నా ఆశ. సరుగుడు సంగతే తెలియడం లేదు. బెరడు కొద్దిగా గీకి, లోపల పచ్చగా ఉంటే బతికినట్టేనా? గీకితే చెట్టుకు మరింత హానా?

కాలిన అడవిలో నడిచినవారు, పాపికొండల వైపు వారైనా సరే, దయచేసి చెప్పండి. బూడిద లేస్తే ముఖానికి తడిగుడ్డ సరిపోతుందా, మంచి మాస్కే కావాలా?