2002 క్లాస్ సీ ఆర్వీ: గోడలు తెల్లబారిపోయాయి. రుద్దాలా, ఫ్లోర్ పాలిష్ పూయాలా?

పాతబండి_ఫ్రిస్కో
అందరికీ నమస్తే. పోయిన చలికాలంలో 2002 మోడల్ క్లాస్ సీ మోటర్‌హోమ్ (వ్యాన్ చాసిస్ మీద కట్టిన ఇల్లులాంటి ఆర్వీ) కొన్నాను. 31 అడుగులు, ఫోర్డ్ ఈ-450 చాసిస్, వీ10 ఇంజిన్. ఇంజిన్ బాగుంది, జనరేటర్ బాగుంది, ఏసీ చల్లగా ఉంది. బాధంతా బయటి రూపంతోనే. తెల్ల గోడ మీద చెయ్యేస్తే, సున్నం గోడకి ఆనుకుంటే చొక్కాకి అంటినట్టు అరచేతికి పొడి అంటుకుంటోంది.

మే నెలలో అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. వాళ్లని కొలరాడో తీసుకెళ్లాలని ప్లాన్. దారిలో ఒక ప్రైవేట్ ఆర్వీ పార్క్ వాళ్లు "పదేళ్లు దాటిన బండైతే ముందు ఫోటోలు పంపండి, చూసి చెప్తాం" అన్నారు. ఉన్నదున్నట్టు పంపితే గేటు దగ్గరే ఆపేస్తారు. బడ్జెట్ 300 డాలర్లు. హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల సంఘం) వాళ్లు ఇంటి ముందు పెట్టనివ్వరు కాబట్టి పనంతా స్టోరేజ్ యార్డులోనే. అక్కడ నీళ్లు, కరెంటు, నీడ ఉన్నాయి. కాంపౌండ్ (గరుకు పాలిష్ పేస్టు) పెట్టి రుద్దమని సగం మంది, నేల మీద పూసే ఫ్లోర్ పాలిష్ పూసెయ్యమని సగం మంది చెప్తున్నారు. ఏది చెయ్యను?

గుంటూరు_మిర్చి
స్టేట్ పార్కులకి వెళ్లు బ్రో. అక్కడ బండి వయసు ఎవడూ అడగడు.

ఎడారి_మామ (ఫీనిక్స్)
తమ్ముడూ, ఫీనిక్స్ ఎండలో బళ్లు వాడుతున్నవాణ్ని, నా మాట విను. ముందు బండి కడుగు. తర్వాత బార్ కీపర్స్ ఫ్రెండ్ అనే క్లీనర్ తీసుకుని తెల్ల స్క్రబ్ ప్యాడ్‌తో గోడంతా తోము. అందులో ఆక్సాలిక్ యాసిడ్ ఉంటుంది, కాబట్టి ఆరిపోకముందే నీళ్లతో కడిగెయ్యాలి. నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలబడకుండా పల్చగా పరుచుకుని జారాలి. అలా జారితేనే పాత వ్యాక్స్ మొత్తం పోయినట్టు. ఆరాక మైక్రోఫైబర్ గుడ్డతో ఫ్లోర్ పాలిష్ పల్చగా ఒక పూత. కొన్ని నిమిషాల్లో ఆరుతుంది. ఆ మీద ఇంకోటి. నాలుగైదు పూతలకి నిగనిగలాడుతుంది. పూసినచోటే మళ్లీ రుద్దకు, చారలు పడతాయి.

ఖర్చు వంద డాలర్లు దాటదు. మెషిన్ కొనక్కర్లేదు, భుజాలు పడిపోవు. అత్తగారూ మామగారూ దిగేలోపు బండి పెళ్లికూతురే.

బఫర్_బాబు (హ్యూస్టన్)
పాతబండి గారూ, దయచేసి ఆ పని చెయ్యకండి. నేల మీద పూసేది నేల మీదే ఉండాలి.

మీ గోడ మీదున్నది జెల్‌కోట్ అయితే అది ఫైబర్‌గ్లాస్ మీద పైపూతగా వేసే, రంగు కలిపిన పాలిస్టర్ రెజిన్. దాదాపు అర మిల్లీమీటర్ మందం ఉంటుంది. ఎండకి చచ్చేది పైపైన ఉన్న పల్చటి పొర మాత్రమే, కింద అసలు రంగు అలాగే ఉంటుంది. ఆ చచ్చిన పొరని తీసెయ్యడమే వైద్యం. రోటరీ బఫర్ (గుండ్రంగా తిరిగే పాలిష్ మెషిన్), ఊలు ప్యాడ్, మెరైన్ (పడవల సామాన్ల) సెక్షన్‌లో దొరికే హెవీ కట్ కాంపౌండ్. 1200 నుంచి 1500 ఆర్‌పీఎం చాలు. రెండడుగుల చదరం చొప్పున చేసుకుంటూ వెళ్లండి, కాంపౌండ్ ఎండిపోనివ్వద్దు. ఊలు ప్యాడ్ నిండగానే దువ్వి శుభ్రం చెయ్యండి. తర్వాత ఫోమ్ ప్యాడ్‌తో ఫినిషింగ్ పాలిష్, ఆ మీద వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ. జెల్‌కోట్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, సీల్ చెయ్యకపోతే మళ్లీ తొందరగానే పొడి మొదలవుతుంది.

ఫ్లోర్ పాలిష్ అంటే అక్రిలిక్ పొర. ఎండకి పసుపు తిరిగి పచ్చబడుతుంది, తర్వాత పెచ్చులు లేస్తుంది. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు ఉండేది. వాటర్ పేపర్‌తో రుద్దకుండా పైన మెరుగు పూసి పంపడమంటే ఆయనకి ఒళ్లు మండేది.

ఎడారి_మామ
పచ్చబడిందంటే సరిగ్గా తోమలేదని అర్థం. పొడి మిగిలిన గోడ మీద పూస్తే ఏ పూతైనా పచ్చబడుతుంది. నా బండి పచ్చబడలేదు.

వరంగల్_వాలా
అన్నా, గది జెల్‌కోటా, పెయింటా? మొదలు గది చెప్పు. తడి చేసి చూసినవా?

బఫర్_బాబు
> నా బండి పచ్చబడలేదు.

ఎన్నేళ్లు ఉంచుకున్నారు మామా ఆ బండి?

ఎడారి_మామ
పచ్చబడే లోపు కొత్త పూత వేస్తాం. ఏడాదికోసారి కడిగి రెండు పూతలు. నువ్వు మాత్రం వ్యాక్స్ ఏడాదికోసారి పెట్టవా?

బఫర్_బాబు
అంటే పచ్చబడుతుందని ఒప్పుకున్నట్టేగా.

ఎడారి_మామ
పచ్చబడుతుందని ఎక్కడన్నాను? తోమకపోతే పచ్చబడుతుందన్నాను. తెలుగులోనే రాశాను.

గుంటూరు_మిర్చి
🍿

సాల్ట్‌లేక్_శ్రావణి
పచ్చదనం సంగతి తర్వాత. పాతబండి గారూ, మీ రూఫ్ ఏమిటి? తెల్ల రబ్బర్ రూఫ్ అయితే, అందులోనూ ఈపీడీఎమ్ అనే రకం రబ్బర్ అయితే, వయసు పెరిగేకొద్దీ అదే పొడి రాలుస్తుంది. వాన పడ్డప్పుడల్లా ఆ పొడి గోడ మీదకి కారుతుంది. మీ అరచేతికి అంటేదంతా గోడదే అని ఎలా చెప్తారు? గోడని అద్దంలా చేసినా మొదటి వానకే చారలు పడతాయి. ముందు నిచ్చెనెక్కి రూఫ్ కడగండి. పెట్రోలియం కలిసిన క్లీనర్లు వాడకండి, రబ్బరు ఉబ్బుతుంది. గట్టర్ చివర్ల నీళ్లు దూరంగా పడేలా ప్లాస్టిక్ ముక్కులు దొరుకుతాయి, అవి పెట్టండి. పైకెక్కినప్పుడు వెంట్‌ల చుట్టూ, అంచుల వెంబడి అతుకులు మూసే సీలెంట్ పగిలిందేమో కూడా చూడండి. గోడ పాలిపోతే చూడ్డానికే బాగుండదు. నీళ్లు లోపలికి దిగితే బండే పోతుంది.

పాతబండి_ఫ్రిస్కో
వరంగల్ అన్నా, సారీ, ఆలస్యమైంది. తడి చేసి చూశాను. తెల్ల గోడలు తడిపితే మంచి రంగొస్తోంది, ఆరాక మళ్లీ పాలిపోతోంది. ముందు హుడ్ మాత్రం మెరూన్ పెయింట్. దాని మీద తెల్ల మచ్చలు, అంచుల్లో ఉల్లిపొరలా ఏదో లేస్తోంది. అక్కడ తడిపినా మచ్చలు పోవట్లేదు. శ్రావణి గారూ, రూఫ్ రబ్బరే. మీరన్నట్టు గట్టర్ కింద చారలున్నాయి.

వరంగల్_వాలా
ఐతే గోడలు బతుకుతయి, హుడ్ బతకదు. గది క్లియర్ కోట్, అంటే రంగు మీది పారదర్శక పొర, లేసిపోవుడు. దానికి రుద్దుడూ పనికిరాదు, పూసుడూ పనికిరాదు. పెయింట్ కొట్టియ్యాలె.

బఫర్_బాబు
వరంగల్ అన్న కరెక్ట్. హుడ్ జోలికి బఫర్ తీసుకెళ్లకండి. కారు క్లియర్ కోట్ మందం 50 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, జెల్‌కోట్‌లో పదో వంతు. ఇప్పటికే లేచిపోతున్నదాన్ని రుద్దితే రేకు బయటపడుతుంది. ఒక్క హుడ్ కాబట్టి చిన్న బాడీ షాపులో వేయించుకోవచ్చు. కానీ షాపుకెళ్లే ముందు దాని మీద సిలికాన్ ఉన్న స్ప్రేలేవీ కొట్టకండి. కొత్త పెయింట్ చేపకళ్లలా గుంటలు పడుతుంది.

ఎడారి_మామ
హుడ్ ఫోటో ఎదురుగా తీస్తే కనిపించదు. పక్కనుంచి తియ్యి. పార్క్ వాళ్లు భూతద్దం పెట్టి చూడరు. ఇలాగే చేసి నేను బళ్లు అమ్మాను కూడా. కొన్నవాళ్లెవరూ తిరిగి ఫోన్ చెయ్యలేదు.

బఫర్_బాబు
ఇప్పుడొచ్చింది అసలు మాట. అమ్మాను అన్నారు చూశారూ.

అలాంటి బండి కొన్నవాణ్ని నేను. పేర్లొద్దు, ఊరొద్దు. సాయంత్రం పూట చూపించాడు, బండి తళతళలాడుతోంది. "ఎప్పుడూ షెడ్డులోనే ఉంది, ఎండ తగల్లేదు" అన్నాడు. ఆ మెరుపు చూసి నమ్మాను. రెండో ఎండాకాలానికి గోడ మీద పెచ్చులు మొదలయ్యాయి. గోరుతో లాగితే ప్లాస్టిక్ కవర్‌లా వచ్చేది. కింద చూస్తే ఏళ్ల తరబడి ఎండలో మాడిన జెల్‌కోట్. కిటికీ కింద గోడ ఉబ్బింది, నొక్కితే లోపలికి పోతోంది. నీళ్లు దిగి ఫైబర్‌గ్లాస్ లోపలి చెక్కని వదిలేసింది. ఆ గోడ బాగుచెయ్యడానికి చెప్పిన లెక్క విని మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను ఫ్లోర్ పాలిష్‌ని తిట్టేది పచ్చబడుతుందని కాదు మామా.

ఎడారి_మామ
నీకు అన్యాయం జరిగింది, కాదనను. కానీ నిన్ను ముంచింది పాలిష్ కాదు, వాడి నోరు. ఇంకో సంగతి: గోడ ఉబ్బితే మెరిసే గోడ మీదే ఇంకా బాగా తెలుస్తుంది. పక్కనుంచి చూస్తే వెలుతురు వంకర్లు పోతుంది. పొడిబారిన గోడ మీదే ఉబ్బు దాక్కుంటుంది. పట్టపగలు చూడకుండా సాయంత్రం వెళ్లి డబ్బులిచ్చింది ఎవరు?

బఫర్_బాబు
అంటే తప్పు కొన్నవాడిదా!! మీలాంటివాళ్ల వల్లే మనవాళ్ల దగ్గర బండి కొనాలంటే భయమేస్తోంది.

ఎడారి_మామ
"మీలాంటివాళ్లు" ఏంటి? వయసుకైనా మర్యాద ఇవ్వు. నేనెవరికీ షెడ్డులో ఉందని చెప్పలేదు.

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. బండి గురించి మాట్లాడండి, మనుషుల గురించి వద్దు.

ఎడారి_మామ
సరే, బండి గురించే. బాబూ, ఒకటి చెప్పు. నువ్వు కాంపౌండ్ పెట్టి రుద్దితే ఆ తెల్లపొడి పోతుందా పోదా? పోతుంది. రేపు నీ బండి కొనేవాడికి అది ఇరవై ఏళ్లు ఎండలో ఉందని ఎలా తెలుస్తుంది? నువ్వూ తుడిచేశావుగా సాక్ష్యం.

బఫర్_బాబు
తేడా ఉంది. నేను రుద్దితే చెడింది నిజంగానే పోయింది. కొన్నవాడికి దొరికేది మంచి జెల్‌కోట్, వ్యాక్స్ పెట్టుకుంటే నిలబడుతుంది. మీరు పూస్తే చెడింది కిందే ఉంటుంది. దాన్ని తీసే చాకిరీ కొన్నవాడిది, అదీ వాడికి చెప్పకుండా. పైన పొర ఉందని తెలిస్తే కనీసం పెచ్చులు లేవకముందే పూత వదిలించే స్ట్రిప్పర్ పెట్టి తీసుకుంటాడు కదా? అమ్మేటప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పడానికి మీకేమైంది?

ఎడారి_మామ
అడిగితే చెప్తా. అడక్కపోతే చెప్పను. టైర్లు ఎప్పుడు మార్చావని అడుగుతారు, బ్యాటరీ ఎప్పటిదని అడుగుతారు. గోడకి ఏం రాశావని ఎవరూ అడగరు. కారు డీలరు డాష్‌బోర్డుకి నూనె రాసి మెరిపిస్తే అదీ మోసమేనా?

వరంగల్_వాలా
డాష్‌బోర్డ్ పెచ్చులు లేవదు కద మామా.

సాల్ట్‌లేక్_శ్రావణి
కొనేవాళ్లకి ఎండ చరిత్ర తెలియాలంటే గోడే చూడక్కర్లేదు. స్టిక్కర్ చార పగిలిందా, ఎక్కడైనా పాత స్టిక్కర్ పీకితే కింద ముదురు నీడ మిగిలిందా, రూఫ్ సీలెంట్ ఎండిపోయిందా చూస్తే చాలు. వాటికి ఎవరూ ఫ్లోర్ పాలిష్ పూయరు. మామగారు అడిగితే చెప్తానంటున్నారు, బాబుగారు అడక్కముందే చెప్పాలంటున్నారు. ఇది పాలిష్ గొడవ కాదు, ఈ త్రెడ్‌లో తేలేదీ కాదు. పాతబండి గారికి మే నెల దగ్గరపడుతోంది.

పాతబండి_ఫ్రిస్కో
నేను అమ్మను అండి, పాడయ్యేదాకా వాడతాను. అందుకే ఇంకో ప్రశ్న. ఇప్పటికి ఫ్లోర్ పాలిష్ పూసి ట్రిప్ చేసుకొచ్చి, తర్వాత తీరిగ్గా రుద్దుకోవచ్చా?

బఫర్_బాబు
వచ్చు, కానీ రెండు పనులవుతాయి. ఆ పొర మీద ఊలు ప్యాడ్ పెడితే జిగురులా కరిగి ప్యాడ్ మూసుకుపోతుంది. ముందు అమోనియా ఉన్న ఫ్లోర్ స్ట్రిప్పర్‌తో పొరంతా తీసెయ్యాలి, తర్వాతే కాంపౌండ్.

ఎడారి_మామ
స్ట్రిప్పర్ పని ఒక్క పూట.

బఫర్_బాబు
31 అడుగులు, రెండు వైపులు, నిచ్చెన మీద, అమోనియా వాసనలో. ఒక్క పూటట. పచ్చబడిన పొర అంత తేలిగ్గా దిగదు.

ఎడారి_మామ
మళ్లీ పచ్చదనం!

పాతబండి_ఫ్రిస్కో
సరే, నా నిర్ణయం. ఈ శనివారం రూఫ్ కడిగి సీలెంట్ చూస్తాను. బఫర్ అద్దెకి తీసుకుని వెనక గోడ మీద చిన్న చదరం రుద్ది చూస్తాను. చేతికి ఆడితే డ్రైవర్ వైపు గోడ, వెనక గోడ పూర్తిచేస్తాను, పార్క్ వాళ్లు ఆ రెండింటి ఫోటోలే అడిగారు. మిగిలింది ట్రిప్ అయ్యాక. హుడ్ బాడీ షాపుకి. మామా, కోపం వద్దు, మీ బార్ కీపర్స్ ఫ్రెండ్‌తో తోమడం మాత్రం చేస్తాను, గట్టర్ చారలు దానికి పోతాయనిపిస్తోంది.

ఎడారి_మామ
కోపమెందుకు తమ్ముడూ. చారలు పోతాయి. యాసిడ్ కాబట్టి గ్లవ్స్ వేసుకో. ఒక్క పని చెయ్యి: బాబు చెప్పినట్టు ఒక చదరం, నేను చెప్పినట్టు దాని పక్కనే ఇంకో చదరం చేసి ఇక్కడ ఫోటో పెట్టు. తేడా ఏంటో బాబు చూపించాలి.

బఫర్_బాబు
ఫోటోలో తేడా ఉండదు. ఉంటుందని నేనెప్పుడూ అనలేదు.

గుంటూరు_మిర్చి
నా క్యామ్రీ హెడ్‌లైట్లు పచ్చబడ్డాయి. దానికేం పూయాలి?

మోడరేటర్
మిర్చి గారూ, కొత్త త్రెడ్.