అమ్మ ఆరోగ్య పరీక్షల్లో ఏవి తప్పనిసరి?

మా అమ్మకు 54 ఏళ్లు. ఇంతవరకు ఒక్కసారి కూడా పూర్తి పరీక్షలు చేయించుకోలేదు. నాన్న బీపీ మాత్రలు రోజువారీగా డబ్బాలో సర్దిపెడుతుంది గానీ, తన సంగతి ఎత్తితే "నాకేమైంది, బాగానే ఉన్నానుగా" అంటుంది. వచ్చే నెల ఎలాగైనా తీసుకెళ్లాలి.

ఒక ల్యాబ్ ఇచ్చిన కాగితంలో 80 పరీక్షలున్నాయి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) సరే. కానీ క్యాన్సర్ మార్కర్ల రక్తపరీక్షలు చేర్చి, మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రే), పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష) వదిలేశారు! ఈ వయసులో అవే కదా ముఖ్యం? అమ్మమ్మకు తుంటి ఎముక విరిగింది; అమ్మకు నెలసరి ఆగి నాలుగేళ్లయింది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఇప్పుడే చేయించాలా? అన్నిటికన్నా నా దిగులు పాప్ స్మియర్ గురించే. బిడియపడే మీ అమ్మను ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి.