గణ విభజన ప్రోగ్రాము ‘శ్రీ’ని నాలుగు అంటోంది

ప్రశ్న: పదకొండేళ్లుగా బ్యాంకు సాఫ్ట్‌వేరులో జావా రాస్తున్నాను. పిల్లలు పడుకున్నాక మాత్రం నా సొంత పని: పద్యంలో గురులఘువులు గుర్తించే పైథాన్ ప్రోగ్రాము. తాతగారు వేళ్ల మీద లెక్కపెట్టేవారు. అది కంప్యూటర్‌కు నేర్పాలని నా తపన. కానీ ‘శ్రీ’ పొడవు అడిగితే నాలుగు అంటోంది. ఏం చేయాలి?

జవాబు: అది లెక్కపెడుతున్నది అక్షరాలను కాదు, యూనికోడ్ (కంప్యూటర్‌లో లిపులను రాసే ప్రమాణం) సంకేతాలను: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలు తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టవు. వాటిని పాటించే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) వాడండి.

మరో జవాబు: తరువాత కూడా జాగ్రత్తండీ. ‘సత్య’లో ‘స’ గురువయ్యేది పక్కనున్న ‘త్య’ వల్లనే. అందుకే పాదాన్ని చివరి నుంచి వెనక్కి చదివించండి.

అడిగినవారు: చదివించాను! నిన్న రాత్రి ఉత్పలమాల పాదం భ ర న భ భ ర వ అని వచ్చింది, ఇరవై అక్షరాలూ సరిగ్గా. ఎంత ఆనందమో! ఇక పదో అక్షరం దగ్గర యతి చూడాలి.