బిడిబిడికి వస్తున్నాను, సలహా కావాలి

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. వచ్చే నెల ఉగాండాలోని బిడిబిడి శరణార్థుల సెటిల్‌మెంట్‌లో, యువతకి చదువు చెప్పే ప్రాజెక్టులో చేరుతున్నాను. ఇంట్లో ఒకటే టెన్షన్. ఎలా ఉంటుందక్కడ?

అరువా (ఉగాండాలోని పట్టణం) నుంచి:
తమ్ముడూ, పేరు విని మనవాళ్లు నవ్వుతారు, పట్టించుకోకు. 2016 జులైలో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో మళ్లీ కాల్పులు మొదలయ్యాక అక్కడి జనం సరిహద్దు దాటి వచ్చారు. ఆగస్టులో తెరిచిన బిడిబిడిలో ఏడాది చివరికే రెండున్నర లక్షలు దాటారు. చుట్టూ కంచె ఉండదు. ఇల్లు వేసుకోను జాగా ఇస్తారు, బయట పని చేసుకోనిస్తారు. అమ్మానాన్నలకి ఇదే చెప్పు.

ఏడేళ్ల ప్రైమరీని మూడేళ్లలో ముగించే క్లాసులుంటాయి, యుద్ధంలో చదువు ఆగినవాళ్ల కోసం. నేను వెళ్లిన మొదటి రోజు పందొమ్మిదేళ్ల అమ్మాయి భిన్నాలు చేస్తోంది, వీపున చంటిబిడ్డ. బిడ్డ ఏడిస్తే బయటికెళ్లి, కిటికీలోంచి బోర్డు చూస్తూ నిలబడే లెక్క పూర్తి చేసింది. తర్వాతి వారం ఆ అమ్మాయితో పాటు సగం క్లాసు రాలేదు. వీళ్లకి శ్రద్ధ లేదని రిపోర్టులో రాసేశాను. ఆ రోజు రేషన్ పంచుతున్నారట! ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. రేషన్‌లో కోత పడినా అంతే, పుస్తకం పక్కన పెట్టి కూలికి పోతారు.

మొదటి నెల వెనక బెంచీలో కూర్చో. 'మీ ఊళ్లో ఏం జరిగింది' అని మాత్రం అడగొద్దు, వాళ్లకి చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. ఫోన్ తీసి ఫోటోలు కొట్టకు. స్థానికుల పిల్లలూ అదే బడికొస్తారు. బ్యాగులు శరణార్థులకే పంచితే ఊళ్లో గొడవే.

కంపాలా నుంచి:
ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకుని ఆ కార్డు చేతిలో పెట్టుకోండి. దోమతెర తప్పనిసరి, మలేరియా ఎక్కువ. కందిపప్పు ఇక్కడ దొరుకుతుంది, ఆవకాయ మాత్రం మీరే తెచ్చుకోవాలి. పోషో అంటే మొక్కజొన్న పిండి సంకటి, చిక్కుడు గింజల కూరతో బాగుంటుంది. సెటిల్‌మెంట్‌లోకి వెళ్లాలంటే ఉగాండా ప్రధానమంత్రి కార్యాలయం అనుమతి కావాలి, మీ సంస్థని ఇప్పుడే అడగండి.

ఖమ్మం తమ్ముడు:
థాంక్సండీ. అక్కా, ఆ అమ్మాయి పరీక్ష రాసిందా?

అరువా నుంచి:
రాసింది, పాసయింది. సెకండరీకి ఫీజు కట్టాలి, బడేమో చాలా దూరం. ప్రస్తుతం సంతలో టమాటాలు అమ్ముతోంది. వచ్చాక పరిచయం చేస్తాను.