"మొవ్వువేయుదురు" అంటే ఏమిటి? (బైబిల్లో 92వ కీర్తన, 12వ వచనం)

"నీతిమంతులు ఖర్జూరవృక్షమువలె మొవ్వువేయుదురు" అన్న వచనంలో మొవ్వు అంటే ఏమిటని పెరంబూరు నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది. వాళ్ళ సండే స్కూలు పిల్లలు కాళ్ళకు కట్టుకునే మువ్వలనుకున్నారట! చెన్నైలో పుట్టి పెరిగిన పిల్లలు, వాళ్ళకేం తెలుస్తుంది.

తాటి, ఈత, కొబ్బరి, అరటి లాంటి వాటి నడినెత్తిన, ఇంకా విచ్చుకోకుండా ఈటెలా నిలబడి ఉంటుందే లేత ఆకు, అదీ దాని మొదట్లో ఉండే మెత్తటి భాగమూ కలిపి మొవ్వు. వేపచెట్టుకైతే కొమ్మకొమ్మకూ చిగురొస్తుంది. కొబ్బరిచెట్టుకు మొవ్వు ఒక్కటే. కొత్త ఆకు ఏదైనా అక్కడినుంచే రావాలి. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు ఏడాదికి సుమారు 12 ఆకులు వేస్తుంది, అంటే నెలకొకటి. కింద ముదిరిన మట్ట ఎండి రాలుతుంది, మాను మీద మచ్చ మిగులుతుంది, పైన ఇంకోటి విచ్చుకుంటుంది. రోజూ చూసేవాడికి పెరిగినట్టే అనిపించదు.

తమిళ బైబిల్లో ఇదే వచనం "పనైయైప్పోల్ సెళిత్తు" అని ఉంటుంది. పనై అంటే తాటిచెట్టు. మూలభాష హీబ్రూలో ఉన్నది "తామార్", ఖర్జూరమే. తమిళులు తమ నేల చెట్టునే పెట్టుకున్నారు. మనవాళ్ళు ఖర్జూరాన్ని అలాగే ఉంచి, క్రియను మాత్రం మన తోటల్లోంచి తెచ్చారు. నాకు మనదే నచ్చింది, పక్షపాతం అనుకున్నా సరే.

అసలు సంగతి ఏడో వచనంలో ఉంది. భక్తిహీనులు గడ్డిలా చిగురుస్తారని అక్కడ ఉంది కదా, హీబ్రూలో గడ్డికీ ఖర్జూరానికీ వాడిన క్రియ ఒక్కటే. చిగురించడం ఇద్దరికీ ఉంది, తేడా అంతా తర్వాత సంగతిలో. అక్టోబరులో రెండు వానలు పడితే మన వేళచ్చేరి ఖాళీ ప్లాట్లన్నీ పచ్చగా అయిపోతాయి. ఏప్రిల్లో వెళ్ళి చూడండి. విశ్వాసాన్ని రగిలించే ఉజ్జీవ సభలైన వారం అందరం మహా వేడిగా ఉంటాం, దాన్నే "ఆత్మీయ ఎదుగుదల" అనేస్తున్నాం. ఈ కీర్తన పైన మాత్రం "విశ్రాంతిదినమునకు తగిన కీర్తన" అని ఉంది. యెరూషలేము దేవాలయంలో లేవీయులు ప్రతి విశ్రాంతిదినాన దీన్ని పాడేవారని యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. వారం వారం అదే పాట.

కీర్తన చివరికొస్తే "ముసలితనమందు ఇంక చిగురు పెట్టుచుందురు" అంటాడు. మా సంఘంలో ఎనభై దాటిన పెద్దమ్మగారు ఒకావిడ ఉన్నారు. చూపు ఆనదు. మనవరాలి ఫోన్లో యోబు గ్రంథం పెట్టించుకుని వింటారు, ఆదివారం ఆరాధన అవగానే పాస్టరుగారిని పట్టుకుని ప్రశ్నలడుగుతారు. ఆయన ఈమధ్య ప్రిపేరై వస్తున్నారు.

కామెంట్లు:

తణుకు వైపు సభ్యుడు, ఇప్పుడు అంబత్తూరు: అన్నా, కొబ్బరికి మొవ్వుకుళ్ళు తెగులని ఒకటుంది. మొవ్వాకు పాలిపోతుంది, పట్టుకుని లాగితే ఊడి చేతికొచ్చేస్తుంది, మొదట్లో ఒకటే కంపు. చుట్టూ ఉన్న పాత మట్టలు మాత్రం కొన్ని నెలలపాటు పచ్చగానే ఉంటాయి. కింద నిలబడి చూసేవాడికి చెట్టుకేమీ కాలేదనే అనిపిస్తుంది. ముందుగా కనిపెడితే కుళ్ళినంత మేర కోసేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పూస్తారు, లేటైతే చెట్టు పోయినట్టే. చర్చిలోనూ అంతే కదా. కమిటీలో పేరుంటుంది, కానుకల పుస్తకంలో పేరుంటుంది, ఇంట్లో ప్రార్థన ఆగిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు.

ఒంగోలు వైపు సభ్యురాలు: గడ్డి మాట కొంచెం గుచ్చుకుంది తమ్ముడూ. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మా పూర్వీకులు ఆ రోజుల్లోనే విశ్వాసంలోకి వచ్చారు. ఒక్కసారిగా వచ్చారు కాబట్టి వాళ్ళది గడ్డి విశ్వాసమా? అప్పటి మిషనరీ క్లౌ దొర కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. ఆ కాలువ మీ చెన్నైలోంచే పోతుంది. ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. అడిగినవాళ్ళంతా నెలల తరబడి ఆగారు. ఆగినవాళ్ళే ఆ రోజు నదిలో దిగారు.

నా జవాబు: అక్కా, మీ మాట నిజం. గడ్డి అన్నది వేగంగా మొదలైనందుకు కాదు, ఎండకు నిలవనందుకు. మీవాళ్ళు అయిదో తరం దాకా నిలబడ్డారు, ఇంకేం కావాలి.

మరొకరు: అదే వచనంలో "లెబానోనుమీది దేవదారు వృక్షమువలె వారు ఎదుగుదురు" అని కూడా ఉంది. దేవదారు హిమాలయాల చెట్టు కదండీ, లెబానోనులో ఎలా?

నా జవాబు: రెండూ ఒకే ప్రజాతిలో వేర్వేరు జాతులు. లెబానోను దేవదారు నిదానంగా ఎదుగుతుంది, ఏటా మాను లావెక్కుతుంది. ఖర్జూరం మాను అలా ఏటేటా లావెక్కదు, ఎత్తే పెరుగుతుంది. అందుకేనేమో తెలుగులో దేవదారుకు "ఎదుగుదురు" అని వేరే క్రియ. హీబ్రూలోనూ అక్కడ వేరే క్రియే ఉంది. దాని సంగతి బాగా తెలిసినవాళ్ళు ఇక్కడే రాయండి.