ఛాతీ సిర మూసుకుపోయి ఫిస్టులా చెయ్యి వాచింది: తొడ లైన్ ఒక్కటే దారా?

ప్రశ్న (డయాలసిస్ టెక్నీషియన్, హన్మకొండ):
పరకాల నుంచి వచ్చే 52 ఏండ్ల పేషెంట్. ఎడమ మోచేతి పైన ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరకు కలిపిన చోటు) నాలుగేండ్లుగా నడుస్తోంది. అంతకుముందు కాలర్‌బోన్ కింద ఒకటి, మెడలో రెండు లైన్లు (డయాలసిస్ గొట్టాలు) వేశారు. ఇప్పుడు చెయ్యంతా వాపు, ఛాతీ మీద నరాలు తేలాయి. పంపు నిమిషానికి 300 మిల్లీలీటర్ల మీద వీనస్ ప్రెషర్ (రక్తం తిరిగి ఒంట్లోకి పోయేటప్పటి ఒత్తిడి) 220 దాటుతోంది. సూదులు తీశాక అరగంట ఒత్తినా రక్తం ఆగట్లేదు. సీటీలో ఎడమ బ్రాకియోసెఫాలిక్ సిర (చేతి రక్తాన్ని గుండె వైపు తెచ్చే ఛాతీ సిర) పూర్తిగా మూసుకుంది, కుడి మెడ సిర కూడా పోయింది. ఫిస్టులా కట్టేసి తొడలో పర్మ్‌క్యాత్ (ఎక్కువకాలం ఉంచే డయాలసిస్ లైన్) వేద్దామంటున్నారు. వేరే దారి ఉందా సార్?

జవాబు 1 (ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్):
నడుస్తున్న ఫిస్టులాను అప్పుడే కట్టొద్దు. సీటీలో పూర్తిగా మూసుకున్నట్టు కనిపించినా, వీనోగ్రామ్ (సిరలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేస్తే వైర్ ఆ అడ్డాన్ని దాటే కేసులుంటాయి. చెయ్యి నుంచి ఒక వైర్, గజ్జ నుంచి ఇంకొకటి పెట్టి రెండు వైపుల నుంచీ ప్రయత్నించాలి. దాటితే 12 నుంచి 14 మిల్లీమీటర్ల హై ప్రెషర్ బెలూన్. కొన్ని నెలల్లో మళ్లీ సన్నబడడం మామూలే. ఇంటివాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి. స్టెంట్ (సిర తెరిచి ఉంచే జాలీ గొట్టం) తొందరపడి వద్దు: అది ఇంకా తెరిచున్న సిర మూతిని కప్పితే రేపటి దారి కూడా పోతుంది.

వైర్ దాటకపోతే ఫిస్టులా ఫ్లో (రక్త ప్రవాహం) డాప్లర్ స్కాన్‌తో కొలవండి. నిమిషానికి లీటరున్నర, రెండు లీటర్లు ఉంటే బ్యాండింగ్‌తో (ఫిస్టులాను కొంచెం బిగించి సన్నం చేయడం) తగ్గించొచ్చు, వాపు దిగుతుంది. 600 మిల్లీలీటర్ల కిందికి మాత్రం పోనివ్వొద్దు, గడ్డకడుతుంది.

జవాబు 2 (నెఫ్రాలజీ):
తొడ లైనే తప్పదంటే పొడవు చూసుకోండి. మెడకు వాడే 19, 23 సెంటీమీటర్లవి పెడితే కొస ఇలియాక్ సిరలోనే (కటి భాగంలోని పెద్ద సిర) ఆగుతుంది. లాగినప్పుడు గోడకు అతుక్కుని అలారం కొడుతుంది, శుద్ధైన రక్తమే మళ్లీ మెషీన్‌లోకొస్తుంది. పెద్దవాళ్లకు 45 నుంచి 55 ఉండాలి, కొస ఐవీసీ (కింది ఒంటి రక్తాన్ని గుండెకు తెచ్చే పెద్ద సిర) పైభాగానికి చేరాలి. జీవన్‌దాన్‌లో (అవయవదాన పథకం) కిడ్నీ కోసం పేరుంటే ముందు ట్రాన్స్‌ప్లాంట్ సర్జన్‌ను అడగండి. కొత్త కిడ్నీని కలిపేది ఇలియాక్ సిరకే, అది పాడైతే కష్టం. తొడ సిరలూ లేకపోతే నడుము వెనక నుంచి నేరుగా ఐవీసీలోకి వేసే ట్రాన్స్‌లంబార్ లైన్ ఉంది.

జవాబు 3 (పీడీ, అంటే పొట్ట డయాలసిస్ నర్స్):
పొట్ట డయాలసిస్ ఎవరూ అనలేదేంటి? దానికి సిరతో పనే లేదు. పొట్టకు పెద్ద ఆపరేషన్లు, హెర్నియా లేకపోతే అడగండి. ట్యూబ్ వేశాక రెండు వారాలు ఆగి, రోజుకు నాలుగుసార్లు 2 లీటర్ల ద్రవం బ్యాగు పొట్టలోకి ఎక్కించి తీయాలి. ఆ రెండు వారాలు గడవడానికైనా ఈ ఫిస్టులా కావాలి.